ఊళ్ళె బెల్టు షాపులు బంద్ చేయించాలంటే: లొల్లి కాకుండ, పార్టీల చేతికి పోకుండ యువకులు ఎట్ల నడిపించాలె?

చెరువుకట్ట_17 (ప్రశ్న)

అందరికీ నమస్తే. జనగామ దిక్కు 1,900 ఓట్లున్న ఊరు. ఐదు బెల్టు షాపులు నడుస్తున్నయి. రెండు కిరాణా దుకాణాలల్లనే, ఒకటి బడికి పోయే తొవ్వల. డిగ్రీ, ఐటీఐ చదివేటోళ్ళం 17 మందిమి కూడినం. అండ్ల ఆరుగురు ఆడపిల్లలు. నలుగురికి ఇంక 18 నిండలే.

సందేహాలు ఇవి. దరఖాస్తు, గ్రామసభ, ధర్నా: వీటిల ఏది ముందు? ధర్నాకు కూసుంటే తాగినోళ్ళొచ్చి తిడతరు, మావోళ్ళల్ల ముగ్గురికి కోపం ముక్కు మీదనే ఉంటది. వాళ్ళను ఎట్ల ఆపాలె? సర్పంచ్‌కు నిలవడదామనుకుంటున్న ఒకాయన ఫ్లెక్సీలు, టీషర్టులు నేనే కొట్టిస్త అంటున్నడు. అమ్మేటోళ్ళకు జరిమానా పెడదామని సగం మంది అంటున్నరు. అన్నిటికన్న పెద్ద భయం, కేసులైతే కానిస్టేబుల్ ఉద్యోగాలకు అడ్డమొస్తదని ఇండ్లల్ల పోనిస్తలేరు. తెలిసినోళ్ళు వివరంగ చెప్పుర్రి.

కాగితం_పులి

తమ్ముడూ, ధర్నా ఆఖర్న. ముందు కాగితాల పని.

మొదట ఒక సంగతి అందరికీ ఎక్కించండి. లైసెన్సు లేకుండా మద్యం అమ్మడం 1968 ఎక్సైజ్ చట్టం సెక్షన్ 34 కింద ఇప్పటికే నేరం. మీరు కొత్త నిషేధం అడగడం లేదు, ఉన్న చట్టాన్ని అమలు చేయమంటున్నారు. డిమాండ్ ఈ మాటల్లోనే ఉండాలి. ‘మద్యం నిషేధించాలి’ అని రాస్తే అది ప్రభుత్వ విధానమంటూ ఏ అధికారైనా పక్కన పెట్టేస్తాడు. ‘ఫలానా ఐదు చోట్ల లైసెన్సు లేని అమ్మకం జరుగుతోంది, కేసు కట్టండి’ అని రాస్తే దానికి జవాబు చెప్పి తీరాలి.

15 రోజులు ఒక నోటుబుక్కు నడపండి. తేదీ, వేళ, ఎక్కడ, ఏం కనిపించింది, రాసిన ఇద్దరి సంతకాలు: ఇవే గడులు. ఉదయం 7కి, మధ్యాహ్నం, రాత్రి 8కి, రోజూ మూడుసార్లు చూస్తే చాలు. రోడ్డు మీద నిలబడి కనిపించిందే రాయాలి. దుకాణంలోకి దూరి వీడియో తీయడం, దొంగగా కొని పట్టించడం వద్దు. కొన్న సీసాతో మీరే దొరికితే కథ అడ్డం తిరుగుతుంది. తాగేవాళ్ళ పేర్లు అసలే రాయొద్దు. ఆ పుస్తకం ఒకరోజు ఎవరి చేతిలోనో పడుతుంది, అప్పుడు ఊరంతా మీకు ఎదురవుతుంది. చిన్నపిల్లలకు అమ్ముతున్నట్టు కనిపిస్తే మాత్రం విడిగా రాసిపెట్టండి. మన దగ్గర మద్యం కొనే వయసు 21. పద్దెనిమిది నిండని వాళ్ళకు ఇస్తే 2015 జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 77 కింద ఏడేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. ఎక్సైజ్ వాళ్ళు కదలకపోయినా దీని మీద పోలీసులకు విడిగా ఫిర్యాదు ఇవ్వొచ్చు.

ఆ తర్వాత సమాచార హక్కు దరఖాస్తు. ఎక్సైజ్ స్టేషన్ సమాచార అధికారికి మూడే ప్రశ్నలు: గడిచిన 12 నెలల్లో మా గ్రామంలో నమోదైన కేసులు (తేదీ, సెక్షన్, పట్టుబడిన పరిమాణం), తహసీల్దార్ ముందు బైండోవర్ చేసినవి (మళ్ళీ అమ్మనని బాండు రాయించినవి) ఎన్ని, మా గ్రామం మీద వచ్చిన ఫిర్యాదులు, వాటి మీద తీసుకున్న చర్య తాలూకు నకళ్ళు. నిందితుల పేర్లు అడిగితే వ్యక్తిగత సమాచారమంటూ సెక్షన్ 8(1)(జె) చూపించి మొత్తం తిప్పి పంపే అవకాశం ఉంది, అడగకండి. ‘ఎందుకు చర్య తీసుకోలేదు’ అనీ అడగొద్దు. చట్టం కింద రికార్డు ఇస్తారు, సంజాయిషీ ఇవ్వరు.

ఫీజు గ్రామ స్థాయి ఆఫీసులో లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10. నకలు పేజీకి 2 రూపాయలు. కట్టిన రసీదు, అందినట్టు ముద్ర వేసిన కాపీ మీ దగ్గరుండాలి. ఆఫీసు తప్పైతే ఐదు రోజుల్లో వాళ్ళే సరైన చోటికి పంపాలి, సెక్షన్ 6(3). జవాబుకు గడువు 30 రోజులు. ఎక్కువమంది చేసే పొరపాటు ఇక్కడే: జవాబు రాకపోతే మళ్ళీ కొత్త దరఖాస్తు వేస్తారు, లెక్క మొదటికొస్తుంది. చేయాల్సింది, ఆ తర్వాతి 30 రోజుల్లో అదే శాఖలో పై అధికారికి మొదటి అప్పీలు. దానికీ దిక్కు లేకపోతే 90 రోజుల్లో సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. కమిషన్ దగ్గర చాలాకాలం పడుతుంది కాబట్టి ఉద్యమాన్ని దాని మీద వేలాడదీయకండి. దరఖాస్తులు ఇద్దరు ముగ్గురి పేర్లతో వేయండి. ఒక్కరి పేరే అయితే సాయంత్రానికల్లా వాళ్ళింటికి పెద్దమనుషులు వస్తారు.

గ్రామసభ. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి జరగాలి. ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ సభ్యులే. 18 నిండని మీ నలుగురిలో 17 నిండినవాళ్ళు ఓటు నమోదుకు ఫారం 6 ముందే ఇచ్చుకోవచ్చు. జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్ ఒకటో తేదీల్లో ఏది ముందొస్తే, ఆ నాటికి 18 నిండితే పేరు ఎక్కుతుంది. సభకు వారం ముందు పంచాయతీ కార్యదర్శికి రాతపూర్వకంగా ఎజెండా అంశం ఇచ్చి ముద్ర వేయించుకోండి. సభలో చూసుకోవాల్సింది ఒకటే: ఖాళీ పేజీ మీద సంతకాలు తీసుకుని, తీర్మానం తర్వాత రాస్తామంటారు. ఒప్పుకోవద్దు. అక్కడే రాసి, పైకి చదివి, ఆ తర్వాతే సంతకాలు. పేజీ ఫొటో తీసుకోండి. కోరం లేకపోతే తీర్మానం నిలవదు. కనుక ముందురోజు ఇంటింటికీ తిరగడమే మీ 17 మంది అసలు పని.

తీర్మానం కాపీ, నోటుబుక్కు సారాంశం, సమాచార హక్కు జవాబు, ఈ మూడూ కలిపి సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో ఇచ్చి నంబరు తీసుకోండి. ఈ పనంతా ఒకే తెలివైనవాడికి అప్పజెప్పకండి. దరఖాస్తు ఒకరు, అప్పీలు ఇంకొకరు, కలెక్టరేట్‌లో మాట్లాడేది మూడోవారు.

దండు_శిక్షణ

ముక్కు మీద కోపం గురించి. అది ఉపన్యాసంతో పోదు, సాధన చేయించాలి.

అమెరికాలో నాష్‌విల్ విద్యార్థులు చేసింది చూడండి. నల్లవాళ్ళకు హోటల్ కౌంటర్లలో కూర్చోనివ్వని రోజులవి. జేమ్స్ లాసన్ అనే ఆయన మన నాగపూర్‌లో మూడేళ్ళు ఉండి, గాంధీ సత్యాగ్రహ పద్ధతులు చదువుకుని వెళ్ళినవాడు. అక్కడ చర్చి గదుల్లో కాలేజీ పిల్లలకు నెలల తరబడి తర్ఫీదు ఇచ్చాడు. కొందరు కౌంటర్ దగ్గర కూర్చున్నట్టు, కొందరు వచ్చి తిట్టి, తోసి, సిగరెట్ పొగ మొహాన ఊదినట్టు నటించేవాళ్ళు. 1960 ఫిబ్రవరి 13న నిజంగా వెళ్ళి కూర్చున్నారు. 27న వాళ్ళను కొట్టారు, కొట్టినవాళ్ళను వదిలేసి 81 మంది విద్యార్థులను అరెస్టు చేశారు. ఒక వరుసను లేపి తీసుకెళ్తే ఇంకో వరుస వచ్చి అవే కుర్చీల్లో కూర్చుంది. ఏప్రిల్ 19న వాళ్ళ న్యాయవాది ఇంటి మీద బాంబు పడింది. ఆ రోజే వేలమంది నోరెత్తకుండా నడిచి మేయర్ దగ్గరికి వెళ్ళారు. డయాన్ నాష్ అనే విద్యార్థిని, అప్పటికి 21 ఏళ్ళు, రంగును బట్టి మనుషులను వేరుగా చూడటం తప్పా కాదా అని మేయర్‌ను సూటిగా అడిగింది. తప్పేనని ఆయన అందరి ముందూ ఒప్పుకున్నాడు. మే 10న కౌంటర్లు తెరుచుకున్నాయి. దుకాణాల్లో కొనడం మానేయడం కూడా పనిచేసింది లెండి, వట్టి మంచితనానికే తలుపులు తెరవలేదు.

మీకు అనువైన రూపం ఇది. బడి గదిలో రెండు వరుసలు, ఎదురెదురుగా. ఒక వరుస కూర్చుంటుంది, రెండోది తాగినవాళ్ళలా వస్తుంది. 10 నిమిషాలు నటన, 10 నిమిషాలు మాట్లాడుకోవడం, తర్వాత వరుసలు మార్చడం. ముద్దుముద్దు తిట్లు పెట్టుకుంటే లాభం లేదు. అక్కడ నిజంగా వినబడేవే అనాలి: ‘మీ నాయన తాగుతలేడా?’, ‘ఎవడి దగ్గర పైసలు తిన్నర్రా?’, ఆడపిల్లలతో ‘మీ ఇంట్ల మగోళ్ళు లేరా?’, కులం పేరు పెట్టి ఒక మాట. మొదటి మాటకే సగం మంది లేస్తారు, చూడండి. రెండోసారి నటన అయ్యాక కూడా లేచినవాళ్ళను ముందు వరుస నుంచి తప్పించి నీళ్ళు, మైకు, ఫొటోల పని ఇవ్వండి. అది శిక్ష కాదని ముందే చెప్పాలి, లేకపోతే అలిగి అవతలి గట్టు మీద కూర్చుంటారు.

పదిమందికి ఒక కాపలా చొప్పున పెట్టుకోండి. మెడలో ఒకే రంగు కండువా. ఏ పార్టీ రంగూ కాకూడదు, మన దగ్గర మిగిలేది తెలుపే. ఎవరైనా మీదికొస్తే అందరూ ఉన్నచోటే కూర్చోవాలి. నిలబడ్డ గుంపును తోయడం తేలిక, కూర్చున్న గుంపును తోస్తే తోసినవాడే చెడ్డవాడిగా కనిపిస్తాడు. కాపలావాళ్ళు ఇద్దరే మధ్యలోకి వెళ్ళాలి, చేతులు కిందికే, గొంతు తగ్గించి. మూడోవాడు వెళ్తే అది గొడవే. ‘ఇక లేద్దాం’ అని చెప్పే అధికారం ఒక్కరికి ఇవ్వండి. ఆ మాట రాగానే ఎదురు ప్రశ్న లేకుండా లేవాలి.

దండు అంటే గుర్తొచ్చింది. చీరాల పేరాలలో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య ‘రామదండు’ ఇలాగే క్రమశిక్షణతో పనిచేసింది. 1921లో మున్సిపాలిటీ పన్నులు కట్టబోమని జనం ఊళ్ళు ఖాళీ చేసి, బయట రామనగరు కట్టుకుని 11 నెలలు ఉన్నారు. ఆయన జైలుకు వెళ్ళాక ఉద్యమం బలం తగ్గి, జనం తిరిగి ఇళ్ళకు చేరారు. అంత గొప్ప దండుకు రెండో వరుస నాయకుడు దొరకలేదు. అందుకే చెప్తున్నా, కన్వీనర్‌ను మూడు నెలలకోసారి మార్చండి. పాత కన్వీనర్ తర్వాతి నెలంతా కొత్తవారి పక్కన కూర్చోవాలి, మాట్లాడకుండా.

చెరువుకట్ట_17

మస్తు ఉపయోగం అన్నా ఇద్దరికీ. జరిమానా సంగతి ఎవ్వరు చెప్పలే. పక్క ఊర్ల అమ్మితే 20 వేలని తీర్మానం చేసిన్రు, నెల రోజులు నిజంగనే బంద్ అయినయి. మరి మనమెందుకు చెయ్యొద్దు అంటున్నరు.

బోధన్_బాట

నెల రోజులు బందయినయ్, మరి రెండో నెల? అది కూడ అడిగి చూడు తమ్మీ.

మా ఉత్తర తెలంగాణ ఊర్లల్ల గ్రామాభివృద్ధి కమిటీలున్నయి. చట్టంల వాటికి ఏ అధికారం లేదు. అయినా జరిమానాలు, కట్టకపోతే సాంఘిక బహిష్కరణలు. ఊరికి పైసలొస్తయని బెల్టు షాపుకు వేలంపాట పెట్టిన కమిటీలు కూడ ఉన్నయి! ఆపుతమని మొదలువెట్టినోళ్ళే పాట పాడించుడు దాక ఎట్ల వచ్చిన్రంటే, జరిమానా పైసలు రుచి మరిగి. జరిమానా పెట్టిన దినం నుంచి మీకు షాపు నడవాలె, నడిస్తెనే పైసలు. ఈ ముక్క మీవోళ్ళకు చెప్పు, అర్థమైతది.

చట్టం దిక్కు చూస్తే ఇంక గలీజు. బెదిరించి పైసలు గుంజితే భారతీయ న్యాయ సంహిత 308 కింద బలవంతపు వసూలు. అమ్మేటోళ్ళు ఎస్సీ, ఎస్టీ కుటుంబమై, కట్టనందుకు మీరు ‘వాళ్ళతో మాట్లాడొద్దు, వాళ్ళ దుకాణానికి పోవద్దు’ అంటే అట్రాసిటీ చట్టంల సాంఘిక బహిష్కరణ సెక్షనే ఉంది, 3(1)(జెడ్‌సి). ఉద్యోగాలు పోతయని ఇంట్ల భయపడుతున్నరు కద, పోయేది గిట్లనే. శాంతంగ కూసుంటే కాదు.

దాని బదులు బైండోవర్ అడగండి. ఎక్సైజోళ్ళు అమ్మేటాయనను తహసీల్దార్ ముందల నిలవెట్టి, మళ్ళ అమ్మనని బాండు రాయిస్తరు. మళ్ళ దొరికితే ఆ బాండు పైసలు కట్టాలె, లేకపోతే జైలు. గది కూడ జరిమానా లెక్కనే, కాని రాజ్యం వేసేది, రసీదున్నది.

ఇగ మీ మీద కేసుల సంగతి. అయిదుగురు, అంతకన్న ఎక్కువ మంది బలం చూపి ఏదైన చేయబోతే ‘చట్టవిరుద్ధ సమూహం’ అంటరు (న్యాయ సంహిత 189). సీసాలు పలగ్గొట్టినా, షట్టర్ గుంజినా దాన్ల పడతరు. కూసుండి పాటలు పాడితే పడరు. కాని ముందు చూడాల్సింది, మీ మండలంల నిషేధాజ్ఞ ఉన్నదా లేదా. వెనుకట 144 అనేటోళ్ళు, ఇప్పుడు నాగరిక సురక్ష సంహిత 163. మామూలుగ రెండు నెలల కన్న ఎక్కువ ఉండదు. పోలీస్ యాక్ట్ సెక్షన్ 30 ఉన్నదా అని కూడ ఠాణాల అడగండి, అదుంటే పర్మిషన్ లేకుండ ఊరేగింపు తీయరాదు. మూడు దినాల ముందు ఎస్‌హెచ్ఓకు (ఠాణా పెద్ద ఆఫీసర్‌కు) కాగితమియ్యాలె: తేదీ, ఎన్నింటికి మొదలు, ఎన్నింటికి ఖతం, జాగ, ఎంతమంది, ఇద్దరి ఫోన్ నంబర్లు. మైకుకు వేరే పర్మిషన్, రాత్రి 10 నుంచి పొద్దున 6 దాక అసలే పెట్టొద్దు. పోలీసోళ్ళతోని మాట్లాడేది ఒక్కరే. ఇంకొకరు మొదటి నుంచి ఆఖరు దాక ఆపకుండ వీడియో తీస్తనే ఉండాలె. నడుమల కోసిన వీడియో పనికిరాదు.

18 నిండని నలుగురిని ధర్నాల కూసోబెట్టకండి. సర్వేల, గోడ రాతల ఉంటే చాలు, అది కూడ తల్లిదండ్రులు ఒప్పుకుంటెనే.

పెన్నగట్టు

నెల్లూరు వైపు నుంచి రెండు మాటలు.

సారా వ్యతిరేక ఉద్యమం అనగానే మా దూబగుంట ఊరి పేరు అందరూ చెప్తారు గానీ అక్కడ ఏం జరిగిందో సగమే చెప్తారు. ఉద్యమానికి ముందు రాత్రి బడి ఉంది. 1991లో జిల్లాలో అక్షరదీపం కార్యక్రమం నడిచింది. ఊళ్ళోని చదువుకున్న పిల్లలే వాలంటీర్లుగా లాంతర్ల కింద పాఠాలు చెప్పారు. వాచకంలో తాగుడు మీద పాఠం వచ్చింది, ఆడవాళ్ళు దాన్ని చదివి వదిలేయకుండా దాని గురించి మాట్లాడుకున్నారు. వర్ధినేని రోశమ్మ లాంటివాళ్ళు ముందుకొచ్చింది అక్కడి నుంచే. 1992లో సారా వేలంపాటలు జరగనీయకుండా అడ్డం కూర్చున్నారు. 1993 ఏప్రిల్ 15న జిల్లాలో, అక్టోబర్ 1న రాష్ట్రమంతా సారా ఆగింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో ఎత్తేశారు. కొన్నిచోట్ల సారా ప్యాకెట్లు తగలబెట్టారు, తాగినవాళ్ళకు గుండ్లు కొట్టించారు, అదీ నిజమే. వాటిని అనుకరించబాకండి. వేలంపాటను అడ్డుకోవడం వల్ల ఆదాయం ఆగింది, పనిచేసింది అది.

మీకు దీనివల్ల తెలిసేదేమంటే, ముందు వరుసలో ఊళ్ళో అమ్మలు కూర్చోవాలి, కాలేజీ పిల్లలు కాదు. మీరు వాళ్ళకు దరఖాస్తు చదివి వినిపించండి, సంతకం నేర్పండి, తీర్మానం రాయండి. మహిళా సంఘాల నెలవారీ సమావేశానికి మీ ఆరుగురు ఆడపిల్లల్లో ఇద్దరిని పంపండి. మీటింగులు సాయంత్రం 6:30 లోపలే అవ్వాల, బస్టాండు టీ కొట్టు దగ్గర కాదు, అంగన్‌వాడీలోనో బడిలోనో పెట్టుకోండి. అట్టా కాకపోతే ఆ ఆరుగురూ నెలకు ఇద్దరవుతారు.

ఇంకొక సంగతి, దీన్ని ఎవరూ పట్టించుకోరు. షాపులు నిజంగా మూతపడితే, రోజూ బాగా తాగే మనిషికి మందు ఒక్కసారిగా అందకుండా పోతుంది. చేతులు వణకడం, చెమటలు, నిద్రలేమి మొదటిరోజే మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపల లేనివి కనిపించడం, గజిబిజిగా మాట్లాడటం వస్తే అది ప్రాణాంతకం. గాలి సోకిందని తాయెత్తు కట్టించుకుంటా కూర్చోకుండా 108లో ఆసుపత్రికి చేర్చాల. మూసే రోజుకు ముందే ఆశా కార్యకర్తతో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుతో మాట్లాడి ఉంచండి. 14446 మత్తు విడిపించే సాయానికి, 14416 టెలిమానస్, మానసిక ఆరోగ్య సాయానికి. రెండూ గోడ మీద పెద్దక్షరాల్లో రాయండి. నినాదాల కంటే ముందు అవి రాయండి.

కిరాణా కొట్లో అమ్మే వాళ్ళలో ఒంటరి ఆడమనిషి ఉంటే ఆమె దగ్గరికి ధర్నాకు ముందే ఇద్దరు వెళ్ళి మాట్లాడండి. సంఘం లోను, కొట్టు సరుకు, ఏదో ఒక దారి చెప్పండి. ఆమె తనంతట తాను మానేస్తే మిగతా నలుగురి మీద బరువు పడుతుంది. నల్లబెల్లం, పటిక ఊళ్ళోకి ఎక్కువగా వస్తున్నాయేమో కూడా ఓ కన్నేసి ఉంచండి. బెల్టు మూస్తే గుడుంబా లేవడం కొత్త కాదు.

కాగితం_పులి

ఫ్లెక్సీల ఆయన మిగిలిపోయాడు. వద్దని మొహం మీద చెప్తే శత్రువవుతాడు. ‘గ్రామసభకు మీ వాడకట్టు నుంచి 40 మందిని తీసుకురండి, అందరితో పాటు కింద కూర్చోండి’ అని అడగండి. ఒప్పుకుంటే లాభం, లేకపోతే ఆయనే తప్పుకుంటాడు. అవతలి పార్టీ ఆయననూ అదే రోజు, అదే మాటతో పిలవాలి.

డబ్బు: మనిషికి వారానికి 10 రూపాయలు, 17 మందికి నెలకు దాదాపు 700. జిరాక్సులకు, చార్జీలకు అదే ఎక్కువ. లెక్క ఒకరు రాయాలి, డబ్బు ఇంకొకరి దగ్గర ఉండాలి, నెలాఖరున పేజీ ఫొటో గ్రూపులో పెట్టాలి. సొసైటీగా రిజిస్టర్ చేయడానికి కనీసం ఏడుగురు చాలు గానీ, ఇప్పుడే వద్దు. రిజిస్టర్ చేసిన మర్నాడే అధ్యక్షుడెవరన్న తగువు మొదలవుతుంది. వాట్సాప్‌లో అడ్మిన్లే రాసే గ్రూపు ఒకటి ఊరికోసం, మీ 17 మందికి వేరొకటి. ధర్నా వేళ, జాగా మొదటి దాంట్లో ముందురోజే పెట్టండి, దాచడానికేం లేదు.

చెరువుకట్ట_17

ఈ ఆదివారం బడిల రెండు వరుసల సాధన పెట్టుకుంటున్నం. హెడ్మాస్టర్ సార్ తాళంచెవి ఇస్త అన్నడు.

బోధన్_బాట

నోటి మాట మీద తీసుకోకు. కాగితం రాసి ఇచ్చి, సంతకం పెట్టించుకో. రేపు ఎవడన్న సర్కారు బడిల రాజకీయ మీటింగ్ అని పిటిషన్ వెడితే ఆ సార్ ఇరుక్కుంటడు. కాగితంల ‘ఊరి యువకుల శిక్షణ, ఆదివారం 10 నుంచి 1 గంట దాక’ అని వేళతో సహా రాయి. ఏ పార్టీ కండువా లోపలికి రానియ్యకు.